న్యూనతా భావం: ఉద్యోగంలో, నాయకత్వంలో

న్యూనతా భావం అంటే చేతిలో ఉన్న పనికి, కూర్చున్న కుర్చీకి తాను చాలనన్న నమ్మకం. ‘నాకంత లేదు’, ‘ఏదో అదృష్టం కొద్దీ వచ్చింది’, ‘నావల్ల కాదు, ఇంకెవరికైనా ఇవ్వండి’ అన్న మాటల్లో ఇది బయటపడుతుంది. పైకి రాకుండా లోపలే ఉండిపోవడం అంతకన్నా ఎక్కువ. పదేళ్ల అనుభవం ఉన్న ఇంజనీరు మీటింగులో జవాబు తెలిసీ నోరు విప్పడు. కొత్తగా ప్రధానోపాధ్యాయురాలైన ఆమె సంతకం చేయాల్సిన కాగితాన్ని మూడు రోజులు సొరుగులో ఉంచుతుంది. ఇద్దరికీ పని వచ్చు. వచ్చన్న సంగతి మీదే వాళ్లకు గురి లేదు.

దీని గురించి మాట్లాడేటప్పుడు మూడు వేర్వేరు విషయాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి. నిజంగానే పని రాకపోవడం ఒకటి. పని వచ్చినా రాదనుకోవడం మరొకటి. వచ్చినవాళ్లకే రాదని చుట్టూ ఉన్నవాళ్లు నమ్మించడం మూడోది. లోపల కలిగే బెరుకు మూడింటిలోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, బాధపడే మనిషికే తనది ఏదో తెలియదు. నేర్చుకోవాల్సినవాడికి కావలసింది శిక్షణ. పని వచ్చీ సందేహించేవాడికి తన పనిని తాను సరిగా చూసుకునే పద్ధతి కావాలి. మూడోవాళ్ల విషయంలో మారాల్సింది వాళ్లున్న చోటు. ఈ తేడా చూడకుండా అందరికీ ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పడం వల్లే ఈ విషయం మీద వచ్చే సలహాల్లో చాలా భాగం అక్కరకు రాకుండా పోతోంది.

వినయాన్ని కూడా దీని నుంచి విడదీసి చూడాలి. ఎవరైనా పొగిడితే ‘అంతా మీ అభిమానం’, ‘దేవుడి దయ’ అనడం తెలుగువాళ్ల మర్యాద. నలుగురిలో తగ్గి మాట్లాడిన మనిషే పని దగ్గరకు వచ్చేసరికి చేయి వణకకుండా చేస్తే అది వినయం. న్యూనత ఉన్నవాడు ఆ మాటను మర్యాద కోసం అనడు, నిజమని నమ్మి అంటాడు.

ఆడ్లర్ నుంచి ‘కాంప్లెక్స్’ దాకా

ఈ భావాన్ని మనస్తత్వ శాస్త్రంలో నడిమధ్యకు తెచ్చినవాడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ (1870–1937). వియన్నా శివారులో పుట్టిన ఆడ్లర్‌కు పసితనంలో రికెట్స్ జబ్బు ఉండేది. ఎముకల్లో సత్తువ లేక నడక ఆలస్యమైంది. ఆ తరవాత న్యుమోనియా వచ్చి, పిల్లవాడు దక్కడని వైద్యుడు తండ్రితో అనడం అతని చెవిన పడింది. డాక్టరు కావాలన్న పట్టుదల అప్పుడే కలిగిందని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. 1895లో వియన్నా విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా పొంది, కొన్నేళ్లు ఫ్రాయిడ్ బృందంలో ఉండి, 1911లో విడిపోయాడు.

1907లో వెలువడిన తొలి ముఖ్య గ్రంథంలో ఆడ్లర్ శరీరంలోని బలహీనమైన అవయవాల గురించి రాశాడు. ఒక అవయవం బలహీనంగా ఉంటే మనిషి ఆ లోటును మరో విధంగా పూడ్చుకుంటాడన్నది అందులోని వాదం. తరవాత దాన్నే మనసుకూ వర్తింపజేశాడు. పెద్దవాళ్ల మధ్య పెరిగే ప్రతి పిల్లా, ప్రతి పిల్లవాడూ తాను చిన్నవాణ్నని, చేతకానివాణ్నని అనుకోవడం సహజం. ఆ లోటే నేర్చుకోవడానికి, ఎదగడానికి ఊతమిస్తుంది. కాబట్టి ఆడ్లర్ దృష్టిలో న్యూనతా భావం జబ్బు కాదు. లోటును పూడ్చుకునే ప్రయత్నం ఆగిపోయి, ‘నేనింతే’ అన్న తీర్పు గట్టిపడినప్పుడే అది చిక్కుముడిగా, అంటే కాంప్లెక్స్‌గా మారుతుంది. తెలుగువాళ్లు రోజూ ‘వాడికి కాంప్లెక్స్’ అని వాడే మాట ఇక్కడి నుంచే వచ్చింది. అయితే మామూలు బిడియాన్నీ, ఆడ్లర్ చెప్పిన ఈ గట్టిపడిన తీర్పునూ ఆ ఒక్క మాటే మోస్తోంది.

ఆడ్లర్ మరో సంగతి గమనించాడు. లోటు లోపల ఎంత ఉంటే పైకి అంత ఆధిక్యం ప్రదర్శించేవాళ్లుంటారు. కార్యాలయాల్లో ఇది కొత్త కాదు. కింది ఉద్యోగి మీద అందరి ముందూ గొంతు పెంచే అధికారి, ‘నాకు చెప్పేవాడివా’ అని ప్రశ్నను అడగగానే కొట్టేసే మేనేజరు తరచు తమకు తెలియనిదేదో బయటపడుతుందన్న భయంతో ఉన్నవాళ్లే. న్యూనతను ఒదిగి కూర్చున్నవాళ్లలో మాత్రమే వెతికితే సగం కేసులు కంటపడవు.

దొరికిపోతామన్న భయం

అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన పాలీన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 1978లో ఒక వ్యాసం ప్రచురించారు. చదువులోనూ వృత్తిలోనూ పేరు తెచ్చుకున్న 150 మందికి పైగా స్త్రీలతో తాము చేసిన పని ఆధారంగా రాసిన వ్యాసం అది. ఆ స్త్రీలకు డిగ్రీలున్నాయి, తోటివాళ్ల గౌరవం ఉంది, పదవులున్నాయి. అయినా తాము తెలివిగలవాళ్లమని వాళ్లు నమ్మలేదు. ఎంపిక కమిటీ పొరబడిందనో, పరీక్షలో ప్రశ్నలు కలిసొచ్చాయనో, ఎవరో దయతలచారనో అనుకున్నారు. ఏదో ఒక రోజు అసలు సంగతి బయటపడి దొరికిపోతామన్న భయంతో బతికారు. ఈ స్థితికి క్లాన్స్, ఐమ్స్ ‘ఇంపోస్టర్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. జనం నోట అది ‘ఇంపోస్టర్ సిండ్రోమ్’ అయింది. సిండ్రోమ్ అన్న మాట వినగానే రోగమనిపిస్తుంది కానీ, మానసిక వ్యాధుల అధికారిక పట్టికల్లో దీనికి చోటు లేదు.

1985లో క్లాన్స్ దీని మీద పుస్తకం రాసి, కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక ఇచ్చింది. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి అయిదు మార్కులు, మొత్తం 20 నుంచి 100 దాకా. ఎనభై దాటితే ఆ భావం తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మొదట స్త్రీల విషయమనుకున్నది పురుషుల్లోనూ గట్టిగానే ఉందని తరవాతి పరిశోధనలు చూపాయి. 2020లో 62 అధ్యయనాలను, 14,161 మంది సమాచారాన్ని కలిపి చూసిన ఒక సమీక్షలో, ఈ భావం ఉన్నవాళ్ల శాతం అధ్యయనాన్ని బట్టి 9 నుంచి 82 దాకా తేలింది. వాడిన పట్టిక మారితే, గీత ఎక్కడ గీశారన్నది మారితే ఫలితం ఇంతగా మారుతుంది. ‘పదిమందిలో ఏడుగురికి ఉంది’ అని ధీమాగా చెప్పే లెక్కలను ఈ సంగతి తెలిసే చదవాలి.

ఈ భావం తనను తాను ఎలా పోషించుకుంటుందో క్లాన్స్ వర్ణించిన తీరు చాలా విలువైనది. ఉదాహరణకు సోమవారం క్లయింటు ముందు ప్రెజెంటేషన్ ఇవ్వాల్సిన ఉద్యోగిని తీసుకుందాం. విషయం ఆమెకు కొట్టిన పిండి. అయినా శుక్రవారం రాత్రి నుంచే కడుపులో మెలిపెడుతుంది. శని, ఆదివారాలు భోజనం వేళ తప్పి ముప్పై స్లయిడ్లను పదిసార్లు దిద్దుతుంది. రాని ప్రశ్నలకు కూడా జవాబులు రాసి పెట్టుకుంటుంది. సోమవారం అంతా బాగా జరుగుతుంది, అందరూ మెచ్చుకుంటారు. ఆమె మాత్రం ‘రెండు రోజులు నిద్ర మానుకుని చేస్తే ఎవరికైనా వస్తుంది, ఇందులో నా గొప్పేముంది’ అనుకుంటుంది. ఇదే పనిని మరొకడు ఆఖరి నిమిషం దాకా వాయిదా వేసి, హడావుడిగా ముగించి, బాగా జరిగితే ‘ఈసారికి గండం గడిచింది’ అనుకుంటాడు. ఒకరు విజయాన్ని చాకిరీ ఖాతాలో వేశారు, మరొకరు అదృష్టం ఖాతాలో వేశారు. సామర్థ్యం ఖాతాలో ఇద్దరూ పైసా జమ చేయలేదు. అందుకే ఎన్ని విజయాలు వచ్చినా నమ్మకం పెరగదు, తరవాతి పనికి భయం మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది.

ర్యాంకుల నీడ

ఈ లెక్క తప్పడం చాలామందికి చిన్నప్పుడే మొదలవుతుంది. క్లాన్స్, ఐమ్స్ రెండు రకాల ఇళ్లను గుర్తించారు. ఒక ఇంట్లో తోబుట్టువుల్లో వేరొకరికి ‘తెలివైనవాళ్లు’ అన్న బిరుదు వెళ్లిపోతుంది, ఈ పిల్ల ఏం సాధించినా ఆ బిరుదు మారదు. రెండో ఇంట్లో ‘మా అమ్మాయికి రానిదంటూ లేదు’ అని పెంచుతారు. ఏదో ఒకటి కష్టపడితే తప్ప రాని రోజున ఆ అమ్మాయి పెద్దవాళ్ల మాట అబద్ధమైందని, తాను మోసం చేస్తున్నానని అనుకుంటుంది.

మెచ్చుకోవడంలో కూడా పద్ధతి ఉందని మనస్తత్వవేత్తలు క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాలు చూపాయి. అయిదో తరగతి పిల్లలకు పజిళ్లు ఇచ్చి, కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని బాగా కష్టపడ్డారని పొగిడారు. తరవాత కష్టమైన పజిళ్లు ఇచ్చినప్పుడు తెలివికి పొగడ్త అందుకున్న పిల్లలు త్వరగా చేతులెత్తేశారు. మార్కులను ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్లు కూడా వాళ్లలోనే ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో ఎంట్రన్సు పరీక్షల చుట్టూ పెరిగిన తరాలకు ఇది దూరపు సంగతి కాదు. వారం వారం పరీక్ష పెట్టి, మార్కులను బట్టి సెక్షన్లు మార్చే రెసిడెన్షియల్ కాలేజీలో రెండేళ్లు ఉన్న కుర్రవాడికి తన విలువ ఏమిటో చెప్పేది గోడ మీద అంటించిన ర్యాంకుల కాగితమే. ఊళ్లో ఫస్టు వచ్చినవాడు ఐఐటీలో అడుగుపెడితే అక్కడ అందరూ ఊరి ఫస్టులే. తెలివి ఒక్క చుక్క తగ్గకపోయినా తాను ఒక్కసారిగా చిన్నవాడైపోతాడు. చుట్టూ ఉన్నవాళ్ల స్థాయిని బట్టి మనిషికి తన మీద అంచనా మారిపోయే ఈ ధోరణిని మనస్తత్వవేత్త హెర్బర్ట్ మార్ష్ 1980లలో వివరంగా పరిశీలించాడు. ఆ కుర్రవాడు ఉద్యోగంలో చేరాక గోడ మీద కాగితం ఉండదు, కానీ కళ్లు దాన్నే వెతుకుతుంటాయి. పక్కవాడి జీతం, పక్కవాడి ప్రమోషను, లింక్డ్‌ఇన్‌లో కనిపించే అభినందనలు ఆ కాగితం స్థానంలోకి వస్తాయి. మనుషులు తమ సత్తాను పక్కవాళ్లతో పోల్చి అంచనా వేస్తారని మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1954లోనే చెప్పాడు. ఇప్పటి చిక్కేమిటంటే, పక్కవాళ్ల పనిలో బాగా వచ్చిన భాగమే కంటపడుతుంది. తనదైతే వచ్చిందీ రానిదీ మొత్తం తెలుసు.

కుర్చీ మారినప్పుడు

పనివాడుగా ఉన్నంతకాలం లేని న్యూనత నాయకుడైన రోజు మొదలవడం తరచుగా చూస్తాం. దానికి సహేతుకమైన కారణమే ఉంది. బాగా పాఠం చెప్పే ఉపాధ్యాయురాలిని ప్రధానోపాధ్యాయురాలిని చేస్తారు. బాగా కోడ్ రాసేవాణ్ని టీమ్ లీడ్‌ను చేస్తారు. పదవిని తెచ్చిపెట్టిన నైపుణ్యం ఒకటి, పదవిలో కావలసింది మరొకటి. లారెన్స్ పీటర్, రేమండ్ హల్ 1969లో రాసిన ‘పీటర్ సూత్రం’ ఈ సంగతిని లోకానికి తెలియజెప్పింది. ఉద్యోగులు తమకు చేతకాని మెట్టు వచ్చేదాకా పైకి ఎక్కుతూనే ఉంటారన్నది దాని సారాంశం. కాబట్టి కొత్త నాయకుడి ‘నాకు రావడం లేదు’ అన్న భావంలో చాలాసార్లు నిజం ఉంటుంది. అతను నిన్నటిదాకా చేసిన పని వేరు. ఇక్కడ అతన్ని ఓదార్చడం కన్నా, బడ్జెట్ చూడటం, తగవు తీర్చడం, పని పంచి ఇవ్వడం నేర్పడం మేలు.

నేర్పనప్పుడు ఏమవుతుందో కింద పనిచేసేవాళ్లకు బాగా తెలుసు. కొత్త టీమ్ లీడ్ తనకు వచ్చిన పనిలోకే పారిపోతాడు. అర్ధరాత్రి దాకా కూర్చుని అందరి కోడూ తానే తిరగరాస్తాడు, పొద్దున తన నిర్ణయం కోసం చూస్తున్న మూడు మెయిళ్లకు మాత్రం జవాబివ్వడు. తన కన్నా చురుకైనవాణ్ని టీమ్‌లోకి తీసుకోవడానికి జంకుతాడు. ‘నాకు తెలియదు, కనుక్కుని చెప్తాను’ అన్న మాట నోట రాదు. కింది ఉద్యోగులు తాము పనికిరామని అర్థం చేసుకుంటారు, అలా ఒకరి న్యూనత పదిమందికి పాకుతుంది.

గాంధీ యౌవనం ఈ విషయంలో చాలా నేర్పుతుంది. అందులో ఏదీ దాచకుండా ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. లండన్‌లో శాకాహార సంఘంలో సభ్యుడై ఉండి కూడా సమావేశాల్లో నోరు విప్పలేకపోయేవాడు. 1891లో బారిస్టరై వచ్చాక బొంబాయిలో స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు దొరికింది. ఫీజు 30 రూపాయలు. ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడానికి లేచి నిలబడ్డాడు. తల తిరిగింది, కోర్టే తిరుగుతున్నట్టు అనిపించింది, ఒక్క ప్రశ్న కూడా తోచలేదు. కూర్చుండిపోయి, తనవల్ల కాదని, వేరే వకీలును పెట్టుకోమని చెప్పి ఫీజు వాపసు ఇచ్చేశాడు. తన కక్షిదారు గెలిచిందో ఓడిందో కూడా తెలుసుకోకుండా కోర్టు నుంచి వెళ్లిపోయాడు. 75 రూపాయల జీతానికి ఒక హైస్కూల్లో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం అడిగితే, పట్టభద్రుడు కాదని వాళ్లూ తీసుకోలేదు.

రెండేళ్ల తరవాత, 1893లో, అదే మనిషి ప్రిటోరియాలో భారతీయులను సమావేశపరచి మొట్టమొదటి బహిరంగ ప్రసంగం చేశాడు. మధ్యలో జరిగినదేమిటి? పిరికితనాన్ని గెలవాలని ఆయన కంకణం కట్టుకున్న దాఖలా ఏదీ కనిపించదు. రాజ్‌కోట్‌లో అర్జీలు రాసి సంపాదించడం మొదలుపెట్టాడు, అంటే తనకు వచ్చిన పని దగ్గర కాలు మోపాడు. దక్షిణాఫ్రికాలో వ్యాపారి దాదా అబ్దుల్లా వ్యాజ్యం కోసం వ్యాపార లెక్కలు మొదటి నుంచి నేర్చుకుని, కేసులోని ప్రతి వాస్తవాన్నీ పట్టుకున్నాడు. ప్రసంగానికి వ్యాపారంలో నిజాయితీ అన్న విషయాన్ని ఎంచుకుని, ముందే సిద్ధపడి వెళ్లాడు. తాను బాగా ఎరిగిన, తనకు పట్టిన విషయం, తనవాళ్లే ఉన్న చిన్న సభ. మాట్లాడటంలోని బెరుకు ఆయనను పూర్తిగా వదలలేదు. పైగా తక్కువ మాటల్లో చెప్పడం దానివల్లే అలవడిందని ఆయన అన్నాడు.

ఇతరులు నాటే న్యూనత

2021లో రుచిక తుల్‌షాన్, జోడీ-ఆన్ బ్యూరీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసం ఈ చర్చను మలుపు తిప్పింది. పక్షపాతం ఉన్న కార్యాలయంలో స్త్రీలకు, నల్లజాతివాళ్లకు కలిగే సందేహాన్ని వాళ్ల మనసులోని లోపంగా పేరు పెట్టి, వాళ్లనే సరిదిద్దుకోమనడం అన్యాయమని వాళ్లు వాదించారు. ఈ వాదం సరైనదే. తెలుగు నేల మీద దానికి సాక్ష్యాలు కావలసినన్ని ఉన్నాయి.

తెలుగు మీడియంలో చదివి వచ్చిన ఇంజనీరు సమస్యను అందరికన్నా ముందు పట్టుకున్నా, ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునేలోపు ఇంకొకడు చెప్పేస్తాడు. కొన్నాళ్లకు భాషలోని తడబాటును తెలివిలోని తడబాటుగా అతనే నమ్మడం మొదలుపెడతాడు. ఇంట్లో మొదటగా చదువుకున్న తరానికి చెందినవాళ్లకు, ముఖ్యంగా అణగారిన కులాల నుంచి వచ్చినవాళ్లకు, ఇంటిపేరు, ఊరు, రిజర్వేషను గురించి అడిగే ప్రశ్నలు ఇంటర్వ్యూ గది దాటాక కూడా ఆగవు. ‘నీకు సీటెలా వచ్చింది’ అని పదేపదే విన్న మనిషి తన చోటు మీద తానే అనుమానపడితే ఆ అనుమానం బయటి నుంచి వచ్చిందే.

పంచాయతీల్లో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి, స్థానిక సంస్థల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడది సగం. అయినా చాలా చోట్ల గెలిచింది ఆమె, గ్రామసభలో కుర్చీలో కూర్చునేది భర్త, అధికారులు ‘సర్పంచ్ గారూ’ అని పిలిచేది కూడా అతన్నే. చెక్కు మీద సంతకం పెట్టడానికి మాత్రం కాగితం ఇంటికి వస్తుంది. అలాంటి సర్పంచి ‘నాకేం తెలుసు, ఆయన్నే అడగండి’ అంటే, తెలుసుకునే అవకాశం ఆమెకు ఎవరూ ఇవ్వలేదన్నది అసలు మాట.

అవకాశం దక్కినచోట ఏం జరుగుతుందో పశ్చిమ బెంగాల్‌లో 495 గ్రామాల్లో చేసిన పరిశీలన చెప్పింది. ఆర్థికవేత్తలు లోరీ బీమన్, ఎస్తేర్ డఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా 2012లో ‘సైన్స్’ పత్రికలో దాన్ని ప్రచురించారు. వరసగా రెండు ఎన్నికల్లో పంచాయతీ అధ్యక్ష పదవి స్త్రీలకు దక్కిన ఊళ్లలో, కొడుకుల మీద కూతుళ్ల మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశల్లోని తేడా 20 శాతం తగ్గింది. కౌమార వయసు పిల్లల్లో ఆ తేడా 32 శాతం తగ్గింది. ఎవరూ ఆ అమ్మాయిలకు ఆత్మవిశ్వాసం మీద క్లాసులు పెట్టలేదు. కుర్చీలో ఒక స్త్రీని చూశారు, అంతే.

నెల్లూరు జిల్లా కథ ఇంకా దగ్గరిది. 1990ల ఆరంభంలో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడి వాచకంలోని సీతమ్మ కథ సారాతో చితికిపోయిన ఇంటి కథ. పలక పట్టడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ పాఠంలో తమ ఇళ్లను చూసుకున్నారు. దూబగుంట అనే ఊరి స్త్రీలు సారా దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ సంగతి తరవాతి వాచకంలో పాఠంగా వచ్చేసరికి వేరే ఊళ్ల ఆడవాళ్లు చదివి ‘వాళ్లు చేయగా లేనిది మనమెందుకు చేయలేం’ అని బయల్దేరారు. సారా వేలం పాటలను అడ్డుకున్నారు. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ ఊపులోనే రోజుకు రూపాయి చొప్పున దాచే పొదుపు సంఘాలు జిల్లాలో అల్లుకున్నాయి. సంఘం లెక్కల పుస్తకం రాయడం, బ్యాంకు మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడటం ఒకప్పుడు వేలిముద్రలు వేసిన ఆడవాళ్లకు అలా అలవాటైంది. వేలిముద్ర వేసే బొటనవేలి స్థానంలో సంతకం చేసే కలం వచ్చిన రోజు వాళ్లకు ఎంత పెద్దదో, ఆ సంఘాల్లో తిరిగినవాళ్లకు తెలుసు.

బయటపడే దారులు

తనవల్ల అవుతుందన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో లెక్కకట్టి చెప్పినవాడు మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా (1925–2021). 1977లో ఆయన నాలుగు ఊటలు చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం, తనలాంటివాళ్లు చేయడం చూడటం, నమ్మదగినవాళ్లు చెప్పడం, ఒంట్లోని గుండెదడ, చెమట వంటివాటిని ఎలా అర్థం చేసుకుంటామన్నది. వీటిలో మొదటిదానికి ఉన్న బలం మిగతావాటికి లేదు. పామంటే హడలిపోయేవాళ్లతో చేసిన ప్రయోగంలో, ఇతరులు పామును పట్టుకోవడం చూసినవాళ్ల కన్నా, పక్కన ఒకరి సాయంతో మెల్లమెల్లగా తామే పట్టుకున్నవాళ్ల భయం ఎక్కువగా పోయింది. కొత్త నాయకుడికి మొదటి నెలలోనే అతి పెద్ద బాధ్యత నెత్తిన పడేయడం కన్నా, చిన్న ప్రాజెక్టు, తోడుగా అనుభవజ్ఞుడు, తరవాత కాస్త పెద్దది అన్న క్రమం ఎందుకు మేలో దీన్నిబట్టి తెలుస్తుంది.

నోటిమాట బలం ఎంత, దాన్ని ఎలా వాడాలి అన్నదానికి రామాయణంలో కిష్కింధ కాండ చివరి ఘట్టం చక్కని నమూనా. సముద్రం ఎదుట వానర వీరులు ఒక్కొక్కరే ఎంత దూరం దూకగలరో తమ అంచనా చెబుతారు. ఒకరు పది యోజనాలు, ఒకరు ఇరవై, జాంబవంతుడు తొంభై. అంగదుడు నూరు యోజనాలు దూకగలనంటాడు కానీ తిరిగి రావడం మీద సందేహపడతాడు. నాయకుణ్ని పంపకూడదని జాంబవంతుడు అతన్ని ఆపుతాడు. హనుమంతుడు మాట్లాడకుండా ఒక పక్కన కూర్చుని ఉంటాడు. అప్పుడు జాంబవంతుడు అతని పుట్టుకను, పసివాడుగా సూర్యుడి వైపు ఎగిరిన సంగతిని వరసగా వినిపిస్తాడు. ‘నువ్వు చేయగలవు’ అని ఒట్టిమాటగా అనడానికీ దీనికీ చాలా తేడా ఉంది. జాంబవంతుడు చెప్పింది జరిగిన సంగతులు. మంచి పైఅధికారి చేయాల్సిందీ ఇదే. ‘నువ్వు బ్రిలియంట్’ అన్న మాట రెండు రోజులు నిలవదు. ‘గత మార్చిలో సర్వర్ పడిపోయిన రాత్రి కారణం కనిపెట్టింది నువ్వే, లాగ్‌లు ఈ వరసలో చూశావు’ అన్న మాటను కాదనడానికి వినేవాడికి దారి దొరకదు.

అలా చెప్పే జాంబవంతుడు అందరికీ దొరకడు కాబట్టి, పనిచేసిన సంగతులను తానే రాసుకోవడం మంచి ఉపాయం. ఏ పని, తాను చేసిన భాగం ఎంత, ఏది కలిసొచ్చింది, ఏది రాలేదు అని నాలుగు వాక్యాలు. రానిదాన్ని కూడా రాయడం ముఖ్యం. నిజమైన కొరత ఎక్కడుందో అప్పుడే తెలుస్తుంది, నేర్చుకోవడానికి అది పనికొస్తుంది. మనోరోగ వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన ఆలోచనా చికిత్స కూడా ఇలాంటి పనే చేస్తుంది. మనసులో ఠక్కున మెదిలే తీర్పును కాగితం మీద పెట్టి, దానికి అనుకూలంగా, వ్యతిరేకంగా ఉన్న ఆధారాలను చూడమంటుంది. క్లాన్స్, ఐమ్స్ అయితే బృంద చికిత్సను మెచ్చుకున్నారు. గదిలో తాను ఎంతో గౌరవించే మరొకరు అదే భయం చెప్పుకోవడం విన్నప్పుడు, ఆ భయం యోగ్యతకు కొలత కాదని అర్థమవుతుంది.

వ్యక్తి ఎంత ప్రయత్నించినా, తప్పు ఒప్పుకుంటే పరువు పోయే చోట న్యూనత తగ్గదు. పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించినప్పుడు, మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆశించింది. లెక్కల్లో ఎక్కువగా కనిపించాయి. ఆ బృందాల్లో నర్సులు పొరపాటును దాచకుండా చెప్పగలుగుతున్నారన్నది దాని వెనకున్న సంగతి. 1999లో ఒక తయారీ సంస్థలోని 51 బృందాల మీద చేసిన అధ్యయనంలో, అడగడానికి, తప్పు చెప్పడానికి భయం లేని బృందాలు ఎక్కువ నేర్చుకుంటున్నాయని చూపింది. ఇది నాయకుడి చేతిలో ఉన్న పని. సమావేశంలో అందరికన్నా పెద్ద మనిషి ‘ఇది నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి’ అంటే, ఆ గదిలో అడగడానికి జంకుతున్న నలుగురికి ఊపిరి ఆడుతుంది.

ఈ భావంతో పాటు రోజుల తరబడి నిద్ర పట్టకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకడం మీదే విసుగు పుట్టడం ఉంటే అది న్యూనతను దాటిన కుంగుబాటు కావచ్చు. అప్పుడు డైరీలు, సలహాలు చాలవు, వైద్యుణ్ని చూడాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఫోన్ చేసి ఉచితంగా మాట్లాడవచ్చు.

పరిశోధన ఆగిన చోటు

ఈ అంశం మీద పుస్తకాలు, శిక్షణ తరగతులు కుప్పలుగా వచ్చినా, చికిత్సల మీద గట్టి పరిశోధన తక్కువ. పైన చెప్పిన 2020 సమీక్షకు దొరికిన 62 అధ్యయనాల్లో ఏ ఒక్కటీ ఏదైనా చికిత్స ఫలితాన్ని పరీక్షించినది కాదు. బండూరా, బెక్ మార్గాలకున్న ఆధారాలు దగ్గరి సమస్యల మీద వచ్చినవి, వాటిని ఇక్కడికి తెచ్చుకుంటున్నాం. అదే సమీక్షలో స్త్రీపురుషులను పోల్చిన అధ్యయనాల్లో దాదాపు సగం స్త్రీలలో ఈ భావం ఎక్కువన్నాయి, మిగతా సగానికి తేడా కనిపించలేదు. ఈ భావం ఎప్పుడూ చెడే చేస్తుందన్న నమ్మకాన్ని కూడా 2022లో పరిశోధకురాలు బసీమా ట్యూఫిక్ ప్రచురించిన అధ్యయనాలు ప్రశ్నించాయి. తమ సామర్థ్యాన్ని ఇతరులు ఎక్కువగా ఊహించుకుంటున్నారన్న ఆలోచన తరచు వచ్చే ఉద్యోగులు ఎదుటివాళ్లను శ్రద్ధగా పట్టించుకుంటారని, మనుషులతో మెలగడంలో వాళ్లకు మంచి మార్కులు పడ్డాయని, పనిలోనూ వెనకబడలేదని ఆమె చూపింది.